బానెట్ మీద మాట

ఒక్క ఊపు ఊపితే పోతుంది, భుజం మీది తువ్వాలు తీసి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఒక్క ఊపు, ఎవరూ దిగి రాకముందే పోతుంది, కానీ పొడిగుడ్డ తగిలిందంటే ఈ దుమ్ములో ఉన్న రాతిపొడి అంతా పెయింటును గీరేస్తుంది, పక్క స్థలంలో కడుతున్న అపార్ట్‌మెంటు వాళ్లు నెల రోజులుగా మిషను పెట్టి రాళ్లు కోస్తూనే ఉన్నారు, ఇది మామూలు ఇంటి దుమ్ము కాదు, వేళ్ల మధ్య నలిపితే గరగరమంటుంది, రోజూ షాపులో అందరికీ చెప్పేది నేనే కదా, కళ్లజోడు చొక్కా అంచుతో తుడవకండి, ముందు తడి చెయ్యండి, దుమ్మును జారనివ్వండి, గుడ్డ ఆ తర్వాత, అద్దమైనా కారైనా అంతే, తొందరపడ్డ చెయ్యి ఎటు నుంచి ఎటు పోయిందో కలకాలం కనిపిస్తుంది, అందులోనూ నల్ల కారు, నల్లది వద్దండీ రోజూ దానికి చాకిరీ చెయ్యలేరు అని మా ఆవిడ షోరూములోనే చెప్పింది, నేను వినలేదు, నలుపులో ఉన్న హుందాతనం నీకేం తెలుసు అన్నాను, ఇప్పుడు ఆ హుందాతనం మీద, బానెట్ నిండా, వేలితో, ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది, అబద్ధం అని, అంతే, పేరు లేదు, తిట్టు లేదు, ఇంకో మాట లేదు.

వీధి పిల్లలెవరో రాసి ఉంటారని అనుకోవచ్చు, అనుకుని ఒక నవ్వు నవ్వేసి తుడిచెయ్యొచ్చు, కానీ వీధి పిల్లలు బొమ్మలు గీస్తారు, గుండె గుర్తులు వేస్తారు, కడగండి మహాప్రభో అని రాస్తారు, ఎవరూ ఇలా దకు ధ ఒత్తు సరిగ్గా పెట్టి అబద్ధం అని రాయరు, మా షాపు యజమానికే ఆ ఒత్తు రాదు, దకు ద పెట్టేసి ఊరుకుంటాడు, ఈ ఒత్తు కింద చిన్న తోక కూడా ఉంది, అ పొట్ట కాస్త ఎక్కువ ఉబ్బి ఉంది, ఆ పొట్టను నేను మా అమ్మాయి రెండో తరగతి కాపీ పుస్తకాల నుంచి చూస్తున్నాను, నీ అ కి భోజనం ఎక్కువైందే అని ఏడిపించేవాణ్ణి, మూడు మెతుకులు తిని లేచిపోయే పిల్ల కాబట్టి ఇంట్లో దాన్ని పిచ్చుక అనేవాళ్లం, పిచ్చుక తినని తిండంతా దాని అ తింటోంది అనేవాణ్ణి, నవ్వేది, ఇప్పుడు అదే అ నా బానెట్ మీద పొట్ట వేసుకుని కూర్చుంది, నా కూతురు నన్ను అబద్ధాలకోరు అంది, నోటితో అనలేక వేలితో అంది, అదీ నలుగురూ తిరిగే చోట.

బకెట్ తెచ్చి గుమ్మరిస్తే సరిపోయేది, కానీ ఆదివారం తప్ప పార్కింగులో నీళ్లు పోయకూడదని అసోసియేషన్ వాళ్ల నిబంధన, నీళ్ల ఎద్దడి, ఆ తీర్మానానికి చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే డిక్కీలో స్ప్రే సీసా పెట్టుకున్నాను, నీళ్లలో రెండు మూతలు కారు షాంపూ, మెత్తటి నూగు గుడ్డలు, ఇదంతా నెమ్మదిగా చేసుకోవలసిన పని, నెమ్మదిగా చేస్తేనే బాగుంటుంది, మిగతా రోజుల్లో ఈ నెమ్మదే నాకు హాయి, ఈ రోజు మాత్రం ఒక్కో క్షణం ఒళ్లంతా చీమలు పాకుతున్నట్టుంది, మెట్ల మీద ఎవరివో చెప్పులు, లిఫ్టు తలుపు, పాలవాడి సైకిలు, అందరూ ఈ పక్క నుంచే పోవాలి, ముందు పైనుంచి కొట్టాలి, అద్దం అంచు నుంచి, గుడ్డ పెట్టకుండా ఊరికే కొట్టాలి, దుమ్ము తడిసి బరువెక్కి తనంతట తాను కిందికి జారేదాకా ఆగాలి, ఆగాలట, ఎలా ఆగుతాను, అ మీద తుంపర పడగానే దాని పొట్టలోంచి ఒక నల్లటి చార జారింది, చూస్తుంటే నిన్న మధ్యాహ్నం మైకు పట్టుకుని నిలబడ్డ పిచ్చుక మొహం కనిపించింది, మైకు కుయ్యిమని కూసింది, ఎవరో నవ్వారు, నేనూ నవ్వాను.

ఎందుకు నవ్వానురా, ఎందుకు అన్నానురా ఆ మాట, బావ రిటైర్మెంటు భోజనాలు, హాలు నిండా చుట్టాలు, బావతో పనిచేసిన వాళ్లు, హాలు అవతలి వైపు నుంచే మా అక్క, ఏరా తమ్ముడూ పిచ్చుకకి మెడిసిన్ సీటు ఏమైంది అని అడిగింది, అడగడంలో అక్కకి ఏ దురుద్దేశమూ లేదు, వడ్డించే గరిటె చేతిలో పట్టుకుని మామూలుగా అడిగింది, అప్పుడు రాలేదక్కా అనాలి, మూడు అక్షరాలు, రాలేదు, నోటి దాకా వచ్చింది కూడా, సరిగ్గా అప్పుడే బావ అన్నగారు ఇటు తిరిగారు, ఆయన కొడుకు సర్జను, ఆయన కనుబొమలు పైకి లేచి నా జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి, వచ్చిందక్కా అన్నాను, ఎంత సాఫీగా వచ్చింది ఆ మాట, రానిదేమో సీటు, వచ్చిందేమో మాట, అక్క గరిటె పక్కన పడేసి నన్ను కావలించుకుంది, బావ మైకు దగ్గరికి పరుగెత్తాడు, రిటైరైన మనిషి అంత జోరుగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు, మా కుటుంబంలో మొదటి డాక్టరమ్మ అని కేకేసి పిచ్చుకను ముందుకు పిలిచాడు, తనకిచ్చిన పూలగుత్తుల్లో అన్నిటికంటే పెద్దది తీసి దాని చేతుల్లో పెట్టాడు, పిచ్చుక నా వైపు చూసింది, నేను తల ఊపాను, ఊపానా, ఊపాను, కానియ్యి అన్నట్టు ఊపాను, థాంక్యూ మావయ్యా అంది అది మైకులో, దాని గొంతు కన్నా మైకు కూతే ఎక్కువ వినిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ముగ్గురం మూడు రాళ్లలా కూర్చున్నాం, పూలగుత్తి వెనక సీటులో నాలుగో మనిషిలా, చివరి మలుపు దగ్గర మా ఆవిడ అంది, రేపటి నుంచి ఫోన్లు వస్తాయి, ఏం చెప్పాలో ముందే చెప్పండి, నేనూ అదే చెబుతాను అంది, కోపంగా అనలేదు, బజారు నుంచి ఏం తేవాలో అడిగినట్టు అడిగింది, తిట్టినా బాగుండేది, నేను గేరు మార్చాను, అవసరం లేకపోయినా మార్చాను, వాళ్లిద్దర్నీ లిఫ్టు దగ్గర దింపి, కారు లోపలికి పెట్టుకునే వంకతో ఇక్కడే కూర్చుండిపోయాను, అద్దం మీద దుమ్ము చూసుకుంటూ, నలభై ఏడేళ్ల మనిషిని, పైకి వెళ్లడానికి మొహం చెల్లక.

అ పోయింది, గుడ్డను నాలుగు మడతలు వేసి, నొక్కకుండా, దాని బరువే దాన్ని మోసేలా పెట్టి ఒకే దిక్కుకు లాగాలి, గుండ్రంగా తిప్పకూడదు, లాగిన మడత మళ్లీ వాడకూడదు, తిప్పి కొత్త మడత, ఇప్పుడు బద్ధం అని మిగిలింది, బద్ధం అంటే కట్టుబడి ఉన్నదని, ఈ తెలివికేం తక్కువ లేదు నాకు, అంతలో వెనకనుంచి ఏమయ్యా అని గొంతు, వార్తలాయన, మొదటి అంతస్తులో ఉంటారు, రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయారు, రోజూ పొద్దున్నే గేటు పక్క నల్లబల్ల మీద సుద్దముక్కతో ట్యాంకరు వేళలూ కరెంటు కోతలూ ఎవరింట్లో ఏం శుభమో అన్నీ రాస్తారు కాబట్టి ఆయన పేరే అది, నేను బానెట్ మీదకి వంగిపోయాను, చొక్కా తడిసినా సరే అని పొట్ట ఆనించి, తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఏమండీ ఇంత పొద్దున్నే అన్నాను, ఏమండీ ఏంటయ్యా, ఇంత మంచి కబురు మాకు రెండో అంతస్తు పిన్నిగారు చెబితే తెలియాలా, నువ్వు చెప్పకూడదా అన్నారు ఆయన, ఆవిడకెవరు చెప్పారండీ అన్నాను, మీ అమ్మాయే చెప్పిందటయ్యా, నిన్న సాయంత్రం లిఫ్టు దగ్గర, చేతిలో పూలేంటమ్మా అని ఆవిడ అడిగితే సీటు వచ్చిందండీ అందట, కాలేజీ పేరు కూడా చెప్పిందట, పిన్నిగారికి గుర్తులేదు, ట్యాంకరు వేళ రాసి వస్తాను, నువ్వు ఆ పేరు చెప్పు, పైన పెద్దక్షరాలతో రాస్తాను అన్నారు, జేబులోంచి సుద్దముక్క తీసి చూపించి, వెళ్లిపోయారు.

చెప్పిందట, కాలేజీ పేరు కూడా చెప్పిందట, నేను అక్కడ కాలేజీ పేరు చెప్పలేదే, ఎవరూ అడగలేదు, ఇక్కడ పిన్నిగారు అడిగి ఉంటుంది, అడిగితే పిచ్చుక ఏం చేస్తుంది, నాన్న అబద్ధం చెప్పాడండీ అంటుందా, ఎనిమిదో తరగతిలో పరీక్ష పేపర్లో తప్పు జవాబుకి మార్కు వేశారని మేడమ్ దగ్గరికి తీసుకెళ్లి తీయించుకొచ్చిన పిల్ల, మేడమ్ ఫోన్ చేసి మీ అమ్మాయిని చూస్తే నాకే సిగ్గేసిందండీ అంది, ఆ పిల్ల చేత నేను లిఫ్టు దగ్గర, చేతిలో పూలతో, నేను తల ఊపాను, ఆ ఊపు దాన్ని అక్కడి దాకా తోసింది, గుడ్డ ఎక్కడ పెట్టానో తెలియడం లేదు, చేతిలోనే ఉంది, స్ప్రే నొక్కుతుంటే గాలి తప్ప ఏమీ రావడం లేదు, సీసా అయిపోయింది, బ నా చొక్కాకి అంటుకుపోయింది, ద్ధ ఇంకా అలాగే ఉంది, తోకతో సహా.

ఇదుగో నాన్నా నీళ్లు అంది, ఎప్పుడు వచ్చిందో తెలియదు, ఇంట్లో వేసుకునే పాత చెప్పులు, జుట్టు దువ్వలేదు, కళ్లు ఉబ్బి ఉన్నాయి, ఒక చేతిలో నీళ్ల సీసా, పైనుంచి చూసిందేమో, బాల్కనీ నుంచి ఈ మూల కనిపిస్తుంది, నేను స్ప్రే మూత విప్పి పట్టుకున్నాను, అది పోసింది, ఒక్క చుక్క కింద పడకుండా పోసింది, ఇద్దరం సీసా వంకే చూస్తున్నాం, నేనే రాశాను అంది, తెలుసమ్మా, నీ రాత నాకు తెలియదా అన్నాను, కోపం వచ్చిందా అంది, రావాల్సింది నీకు, నాకెందుకు వస్తుంది, నువ్వు రాసినదాంట్లో తప్పేముంది, నేను చెప్పింది అబద్ధమే కదా అని, ఇంత వయసొచ్చి కూతురి ముందు ఈ మాట అనడం ఎంత కష్టమో అనుకుంటూ, అయినా అనేశాను కదా అని లోపల కాస్త తేలికపడుతూ కూడా ఉన్నాను, అప్పుడది నా మొహంలోకి చూసి, అర్థం కానట్టు చూసి అంది.

నీ గురించి కాదు నాన్నా. నా గురించి రాసుకున్నాను.

నీ గురించా అన్నాను, అవును అంది, పిన్నిగారు అడగగానే వచ్చిందండీ అని ఎంత బాగా చెప్పానో తెలుసా, ఏ కాలేజీ అంటే పేరు చెప్పాను, హాస్టల్ ఉందా అంటే ఉందండీ అన్నాను, నువ్వు అక్కడ చెబితే నాకు నీ మీద కోపం వచ్చింది నిజమే, కానీ ఇక్కడ నువ్వు లేవు, నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, పైకి వెళ్లాక నువ్వూ వచ్చావు, అమ్మ అన్నం పెడుతుంటే నాకు ఊపిరాడలేదు, ఫోన్ మర్చిపోయానని కారు తాళాలు తీసుకుని వచ్చాను, ఊరికే ఇక్కడ నిలబడ్డాను, దుమ్ము కనిపించింది, నా పేరు రాద్దామనుకున్నాను, ఇది రాశాను అంది, చెబుతూ చెబుతూ ద్ధ తోక మీద వేలు పెట్టబోయి నేను చూస్తున్నానని వెనక్కి తీసుకుంది, గీతలు పడతాయి కదా నాన్నా, అప్పుడు గుర్తు రాలేదు, సారీ అంది, గీతల గురించి సారీ చెప్పింది, నన్ను తిట్టిందనుకుని ఇంతసేపు నా పరువు కోసం చచ్చిపోతున్నాను, తిట్టు నాదైతే బాగుండునని ఇప్పుడు అనిపిస్తోంది, తీసుకుంటాను, నల్లబల్ల మీద రాసినా తీసుకుంటాను, ఆ మాట మాత్రం ఈ పిల్లకి వద్దు.

సుద్దముక్క చప్పుడు ఆగింది, వార్తలాయన వస్తున్నారు, చేతులు దులుపుకుంటూ, ఆఁ డాక్టరమ్మగారు కూడా ఇక్కడే ఉన్నారా, చెప్పు తల్లీ, కాలేజీ పేరు స్పష్టంగా చెప్పు, తప్పు రాస్తే బాగుండదు అన్నారు, పిచ్చుక నోరు తెరిచింది, చెప్పబోతోంది, నాకోసం మళ్లీ చెప్పబోతోంది, దాని మెడ దగ్గర నరం కదలడం కనిపించింది, రాయకండి అన్నాను, ఏం, దిష్టి అనుకుంటున్నావా అన్నారాయన, కాదండీ, సీటు రాలేదు, నిన్న చుట్టాల్లో తలెత్తుకోలేక సీటు వచ్చిందని నేనే చెప్పాను, నేను మొదలెట్టాను కాబట్టి పిల్ల కూడా పిన్నిగారి దగ్గర అదే చెప్పాల్సి వచ్చింది, తప్పు నాదండీ, దానిది కాదు అన్నాను, చెవులు మండిపోతున్నాయి, ఆయన నా వైపు చూశారు, బానెట్ మీద మిగిలిన ద్ధం వైపు చూశారు, చదివారో లేదో, చదివే ఉంటారు, చదవనిది వదిలే మనిషి కాదు, సుద్దముక్కను జేబులో వేసుకున్నారు, ట్యాంకరు మధ్యాహ్నం వస్తుంది, మీ అమ్మకి చెప్పమ్మా అన్నారు పిచ్చుకతో, డాక్టరమ్మా అనలేదు, రెండడుగులు వేసి ఆగి, పిన్నిగారితో నేను మాట్లాడనులే, మీరే చెప్పుకోండి, అది మీరే చెప్పాలి అని వెళ్లారు.

ఇంక అక్కకి ఫోన్ చెయ్యాలి, బావకి చెప్పాలి, బావ అన్నగారి కనుబొమలు మళ్లీ లేస్తాయి, లేవనీ, పిచ్చుక డిక్కీలోంచి ఇంకో గుడ్డ తీసుకుని ద్ధ మీద పెట్టి రుద్దబోయింది, నొక్కకు, ముందు తడపాలి, గుడ్డ బరువు చాలు, ఇలా నీ వైపుకి లాగు అన్నాను, లాగింది, తర్వాత మడత తిప్పు అన్నాను, తిప్పింది, అక్షరం పోయింది గానీ ఎండ ఏటవాలుగా పడేసరికి వేలు నడిచిన చోట సన్నగా వెంట్రుకంత గీత మెరిసింది, పాలిష్‌తో పోతుందా అని అడిగింది, కొంత పోతుంది అన్నాను, మిగతాది అంది, మిగతాది ఉంటుందిలే అన్నాను, పిచ్చుక చివర మిగిలిన సున్నా మీద స్ప్రే కొడుతోంది, చిన్నగా, పొదుపుగా, దాని చేతి మీద తడి దుమ్ము అంటుకుంది, దాన్ని చూస్తూ నిలబడ్డాను, మాట్లాడాలని ఉంది, వచ్చే ఏడు మళ్లీ రాద్దువుగాని అనాలా, డాక్టరే కానక్కర్లేదు అనాలా, ఏది అన్నా నేను సర్దుకోవడానికే అన్నట్టుంది, ఏ మాట పట్టుకున్నా నా పరువే అడ్డం వస్తోంది, అసలు నిన్న చెప్పింది ఒక్కటేనా నేను చేసింది, ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం షాపులో ఉన్నాను, ఎవరికో ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాను, ఫోన్ మోగింది, నాన్నా రాలేదు అంది, అంతే అంది, నేను ఫ్రేము కింద పెట్టి, గొంతు తగ్గించి, ఇంకా ఎవరికైనా చెప్పావా అని అడిగాను, అదే నేను అడిగిన మొదటి మాట, ఎవరికీ చెప్పకు, నేను వచ్చాక చూద్దాం అని పెట్టేశాను, సాయంత్రం వచ్చాక కూడా చుట్టాలకి ఏం చెప్పాలన్నదే మాట్లాడాను, మర్నాడూ అదే, ఇన్నాళ్లూ అదే, ఆ ఫోన్ పెట్టేశాక అది ఎక్కడ కూర్చుందో, ఎవరైనా పక్కన ఉన్నారో లేదో, ఏడ్చిందో ఏడవలేదో, నేను అడగలేదు, నా కూతురు ఆ రోజు ఏడ్చిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.